మామ తెలిసీ తవ్విన బావి

మా అత్తకు కబురు చెప్పే పద్ధతి ఒకటుంది. మంచి కబురైనా చెడ్డ కబురైనా ముందు అన్నం సంగతి అడగాలి. పోయిన నెల ఒక మధ్యాహ్నం పీలమేడులో మా కాలేజీ స్టాఫ్‌రూములో టిఫిన్ డబ్బా మూత తీయబోతుంటే ఫోను చేసి, "తింటివా అమ్మణీ?" అంది. అమ్మణి అన్నది నా పేరు కాదు, కోయంబత్తూరు వైపు ఇంటి ఆడపిల్లను పిలిచే పిలుపు. ఇంకా తినలేదన్నాను. "సరి, తినేసి మాట్లాడు," అని పెట్టేసింది. గొంతులో తేడా ఏమీ తెలియలేదు. నేను నిదానంగా తిన్నాను. అడుగున ఉన్న పెరుగన్నం కూడా మిగల్చలేదు. చేయి కడుక్కుని తిరిగి ఫోను చేస్తే అప్పుడు చెప్పింది. "మామ లేరు అమ్మణీ. మదురై ఆస్పత్రిలో. పొద్దున్నే పోయినారు."

ఆ పెరుగన్నం మీద నాకింకా కోపంగానే ఉంది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. సైన్యంలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యి, పీలమేడులో మా ఇంటికి రెండు వీధుల అవతల ఇల్లు కట్టుకున్నారు. ఒక చుట్టాల పెళ్లికని సొంతూరు వెళ్తే అక్కడ గుండెనొప్పి వచ్చింది. మా ఊరు మదురైకి దక్షిణాన, నల్లరేగడి నేల. ఎప్పుడో తాతల తాతల కాలంలో వచ్చి అక్కడ దిగినవాళ్లం. చుట్టూ అరవం, ఇంట్లో తెలుగు. ఆ తెలుగు మాట్లాడడమే గాని రాయడం మా వాళ్లకు రాదు. నాకు అక్షరాలు పెళ్లయ్యాక వచ్చాయి. మా ఆయనది చిత్తూరు, ఆయన నేర్పితే నేర్చుకున్నాను. మామకైతే ఒక్క అక్షరమూ రాదు. బతికున్నా ఇది ఆయన చదవలేరు. నేనే చదివి వినిపించాల్సి వచ్చేది, మధ్యలో ఆపి తప్పులు పట్టేవారు.

ఎక్కడికి వెళ్లినా ఆయన ముందు నీళ్లు రుచి చూసేవారు. తాగడం కాదు, రుచి చూడడం. కొంచెం నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని, నాలుక మీద అటూ ఇటూ తిప్పి, అప్పుడు మింగేవారు. పదిమందిలో మాకు తల కొట్టేసినట్టుండేది. ఒకసారి మా చిన్నాన్న కొడుక్కి పెళ్లిచూపులకని వెళ్తే, పిల్ల కాఫీ తెచ్చి నిలబడింది. ఈయన కాఫీ పక్కన పెట్టి నీళ్లడిగారు. రుచి చూసి పిల్ల తండ్రితో, "బోరు నీళ్లా? ఉప్పు ఎక్కుతా ఉండాది. రొంప లాగద్దండి," అన్నారు. రొంప అంటే మా వైపు మరీ ఎక్కువ అని. ఆ పెద్దమనిషి ముఖం చూడాలి. సంబంధం కుదిరింది గాని ఆ ఇంట్లో ఇప్పటికీ ఆయన్ను ఉప్పుమామ అనే అంటారు.

ఇంట్లో కుళాయి పూర్తిగా తిప్పనిచ్చేవారు కాదు. నూలుపోగంత ధార. దాని కింద బిందె పెట్టి అత్త టీవీ ముందు కూర్చునేది. "ఒక బిందె నిండేలోపల సీరియల్లో పిల్లకు కల్యాణమై బిడ్డ కూడా పుట్టేస్తాది," అని సణిగేది. కోయంబత్తూరు జనానికి తమ శిరువాణి నీళ్ల తీపి గురించి చెప్పుకోవడం ఒక గొప్ప. మామ ఆ తీపినీళ్లనే పోగుపోగుగా పట్టేవారు. "మెల్లిగా తీసుకుంటే దా అమ్మణీ వస్తాది. గట్టిగా లాగితే నీళ్లకు కోపం వచ్చేస్తాది," అనేవారు. ఆ దా మా మాటలోకి అరవం నుంచి వచ్చింది, తీసుకుంటేనే అని ఒత్తి చెప్పడానికి. మేం దాన్ని పిసినారితనం కింద జమ కట్టి నవ్వుకునేవాళ్లం.

నాకు ఆయన వల్ల జరిగిన మేలు చెప్పకుండా ముందుకు పోకూడదు. సెలవులకు వచ్చినప్పుడల్లా నన్ను వంటింట్లో కూర్చోబెట్టి గ్లాసుల్లో ఏదో ఒకటి చేసి చూపించేవారు. మంచినీళ్లలో మునిగిన గుడ్డు ఉప్పునీళ్లలో ఎందుకు తేలుతుంది, రంగు నీళ్లు వేడినీళ్లలో ఎందుకు పరుగెడతాయి. ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకురా అని తాత అంటే వినిపించుకునేవారు కాదు. కాలేజీలో చేర్చనన్నప్పుడు బస్సెక్కి వచ్చి తాతతో గొడవపడి చేర్పించి మళ్లీ బస్సెక్కి వెళ్లారు. ఇవాళ నేను పిల్లలకు ఫిజిక్సు చెప్పి బతుకుతున్నానంటే ఆ గ్లాసుల పుణ్యమే.

ఇప్పుడు బావుల సంగతి చెప్పాలి. మా ఊళ్లో బావి ఎండితే ఎవరూ దిగులుపడి కూర్చోరు. దింపుతారు. చుట్టాలంతా గడ్డపారలు పట్టుకుని లోపలికి దిగుతారు, గట్టు మీద ఆడవాళ్లు పొంగలి పెడతారు. ఇంకో రెండు మూడు అడుగులు తవ్వేసరికి ఎక్కడో ఊట తగులుతుంది. ఆ కొత్త నీళ్లలో మొదటి బిందె ఇంటి ఆడబిడ్డకు. ఆమె తాగాకే తక్కినవాళ్లు తాగాలి. మా అమ్మ అలా తాగడం నేను చూశాను. సగం బురద. ముఖం చిట్లించకుండా తాగింది, మామ కిందనుంచి తలెత్తి ఆమె తాగడమే చూస్తూ నిలబడ్డారు. నీళ్లు లోతుకు పోతే మనమూ లోతుకు పోవడం, మా వాళ్లకు తెలిసిన ధైర్యం అదొక్కటే. పీలమేడు వచ్చి పంపులు, మోటార్లు చేసి బాగుపడిన మా బంధువులకూ అదే ధైర్యం. బోరులో నీళ్లు తగ్గాయా, ఇంకా కిందికి వేయి.

మామ ఆ ధైర్యాన్ని ఒక దీవికి పట్టుకెళ్లారు.

సముద్రం చుట్టూ ఉన్న కొన్ని దేశాల సైన్యాలు కలిసి అప్పట్లో ఒక ఏర్పాటు చేసుకున్నాయి. చిన్న చిన్న దీవుల దేశాలకు తుఫాను వచ్చినా, ఒడ్డు కోసుకుపోయినా, తాగే నీళ్లు కరువైనా అందరూ కలిసి వెళ్లి ఆదుకోవాలని. ముప్పంటే శత్రువు ఒకడే కాదు, పెరుగుతున్న సముద్రం కూడా అని పెద్దలకు అప్పుడే తట్టింది. మన తరఫున నీళ్ల పనికి మామను పంపారు. ఆ దేశం పేరు నేను రాయను. మామ కూడా ఇంట్లో పేరు చెప్పేవారు కాదు, "ఆ దీవి" అనేవారు. మాకు తెలిసిన దీవి ఇంకొకటి లేదు కాబట్టి సరిపోయేది.

ఈ చివర చుట్ట ముట్టించి నడిస్తే ఆ చివరకు ఇంకా సగం చుట్ట మిగిలి ఉండేంత దీవి. కొబ్బరిచెట్లు, తెల్లటి పగడపు ఇసుక, ఒక ఊరు, ఊరంతటికీ ఒకే ఒక మంచినీళ్ల బావి. అక్కడ నీళ్లు ఎలా ఉంటాయో మామ నాకు పాలగిన్నె పెట్టి చూపించారు. కాగి చల్లారిన పాల మీద మీగడ కట్టి ఉంది. "ఇది వాన నీళ్లు. ఇసకలోకి దిగి సుమ్మా, ఊరికే, తేలుతా ఉంటాది. కింద ఉండేదంతా సముద్రం. మీగడ సాలలేదని గరిటె లోపలికి పెట్టితే ఏమి వస్తాది, చెప్పు?" అన్నారు. పాలు వస్తాయన్నాను. "అదే దా. ఆడ పాలు కాదు, ఉప్పు." పైపైన కొంచెం కొంచెం తోడుకుంటే తరతరాలు తాగొచ్చు. లోతుకు పోతే ఉప్పు, జోరుగా లాగినా ఉప్పే. ఈ పాఠాన్ని ఆయన ఆ దీవి మీదే గుడారంలో బల్ల మీద బొమ్మ గీసి మిగతా దేశాల సైనికులకు చెప్పేవారు. వాళ్లు శ్రద్ధగా రాసుకునేవారు.

రిటైరయ్యాక కూడా ఆ సైన్యాల సమావేశానికి ఆయన్ను సలహాదారుగా ఏటా పిలిచేవారు. వెళ్లొస్తూ ఒక శాలువా, ఒక గుడ్డ సంచీ తెచ్చేవారు. శాలువాలు బీరువాలోకి, సంచీలు అత్త చేతిలోకి వెళ్లేవి. మొదటిసారి వచ్చిన సంచీ నాకు బాగా గుర్తు. దాని మీద పెద్ద ఫొటో అచ్చువేశారు. దీవి, జెండాలు, ఒక గొట్టంలోంచి తెల్లగా ఎగజిమ్మే నీళ్లు, పక్కన యూనిఫారంలో నవ్వుతున్న మా మామ. కింద ఇంగ్లీషులో సహకారం, భద్రత, భవిష్యత్తు అని మూడు మాటలు. అత్త మురిసిపోయి దాన్ని పట్టుకుని సంతకెళ్లి మునక్కాడలు తెచ్చింది. మామ తల మీంచి మునక్కాడలు పొడుచుకొచ్చి ఉన్నాయి. నేను పడీపడీ నవ్వాను. మామ నవ్వలేదు. కూరగాయలన్నీ నేల మీద కుమ్మరించి సంచీ అత్త చేతికిచ్చారు.

"దీన్ని తిరగేసి కుట్టు."

"ఏంటికండి? ఫొటోలో బాగుండారు కదా."

"బాగుండినాను. అదే దా కష్టం."

అత్త సంచీ పట్టుకుని లోపలికి పోయింది. నేను మునక్కాడలు ఏరుతూ ఏమయిందని అడిగాను. మామ కింద నా పక్కనే కూర్చుని, తనూ ఒక కాడ తీసి తుడుస్తూ, చెప్పారు.

ఆ ఫొటో దీవి మీద సైన్యాల విన్యాసాలు ముగిసిన రోజుది. ఎండాకాలం. ఊరివాళ్లతో పాటు అన్ని దేశాల సైనికులూ అదే బావి నీళ్లు తాగుతున్నారు, వాళ్ల కోసం రావాల్సిన నీళ్ల ఓడ ఆలస్యమైంది. బావి అడుగు కనిపించింది. పెద్ద అధికారులు ముగింపు ఉత్సవానికి వచ్చే వేళ అయింది. ఆ బావిని కనిపెట్టుకుని ఉండే పెద్దావిడ ఒకామె ఉండేది. ఎవరు ఎంత తోడాలో ఆమె చెప్తేనే. మామ ఆమెను మన మాటలోనే అక్కా అని పిలిచేవారు, ఆమెకూ ఆ పిలుపు నచ్చింది. ఆ పొద్దు ఆమె కూడా అందరితో పాటు వరసలో నిలబడి ఉంది.

"దింపితిమి," అన్నారు మామ. "మూడడుగులు."

"మీకు తెలుసు కదా మామా, దింపకూడదని?"

"తెలుసు అమ్మణీ. పాఠం చెప్పిండేదే నేను. తెలిసీ తవ్వితిని." కాడ తుడవడం ఆపారు. "అక్క కాలీ బిందె పెట్టుకొని నిలబడి ఉండె. ఇంటి ఆడబిడ్డ కాలీ బిందెతో నిలబడితే మన ఊర్లో ఏమి సేస్తాము? బుద్ధి వద్దు వద్దనె. చెయ్యి వినలేదు."

ఊట పొంగింది. ఎవరి సామాన్లలోనో మన పీలమేడు పంపు ఒకటి ఉంటే దాన్ని తెచ్చి బిగించారు. మన ఊరి పేరున్న పంపు సముద్రం నడుమ తిరుగుతుంటే మామకు ఛాతీ ఉప్పొంగింది. మొదటి బిందె ఆమెకే ఇచ్చారు. ఆమె తాగి ఆయన తల మీద చెయ్యి పెట్టింది. బ్యాండు వాయించారు, జెండాలెత్తారు, ఫొటో తీశారు. ఆ తర్వాత ఎవరి ఓడలెక్కి వాళ్లు వెళ్లిపోయారు. వానలు పడకముందే బావిలో ఉప్పు ఎక్కింది. ముందు అన్నం రుచి మారిందట. తర్వాత చంటిపిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. చేమదుంపలు వేసుకునే గుంటల్లో ఆకులు అంచుల నుంచి మాడుతూ వచ్చాయి. ఆమె మనవరాలు ఆ దీవిలోనే నర్సు. ఆ అమ్మాయి ఎలాగో నంబరు పట్టుకుని మామకు ఫోను చేసి ఇదంతా చెప్పింది. ఎందుకు చేశావని అడగలేదట. ఇప్పుడేం చేయాలని అడిగిందట.

అప్పటినుంచీ ఆయన బతుకు ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. జవాబు ఆయనకు తెలుసు కూడా. దింపిన మూడడుగులూ ఇసుకతో పూడ్చేయాలి, పంపు ఆపేయాలి, కొన్ని వానల పాటు ఆ బావిలో చెయ్యి పెట్టకూడదు. "తోడేది ఆపితే సాలు అమ్మణీ. పైన వాన పడతా ఉంటాది, ఉప్పు దానంతట అదే దిగిపోతాది. బాయి సరి అయిపోతాది." పూడ్చడం ఊరివాళ్లే పూడ్చుకున్నారు. తోడకుండా ఉండడమెలా? కప్పుల మీంచి పట్టుకున్న వాననీళ్లు ఎండాకాలానికి చాలవు. ఆ కొన్ని ఏళ్లూ ఎండాకాలంలో ఎవరో నీళ్లు తెచ్చి పోయాలి. అందుకని ఆయన సమావేశానికి వెళ్లిన ప్రతిసారీ అడిగింది ఒకటే. ఒక ఓడ. "ఇన్ని దేశాలు, ఇన్ని ఓడలు. ఒక ఓడ నీళ్లు మొయ్యలేదా?" అని ఇంటికొచ్చి నన్ను అడిగేవారు, నేనేదో నౌకాదళానికి అధిపతినైనట్టు.

ఆ ఫొటో వేయొద్దని కూడా ఏటా చెప్పేవారు. ఆ బావి ఉప్పయిపోయిందని చెప్పేవారు. వాళ్లు పాపం మర్యాదగా రాసుకునేవారు. మరుసటేడు ఫొటో ఇంకా పెద్దదిగా, ఇంకా మంచి రంగుల్లో వచ్చేది. అత్త సంచీ అందుకోగానే తనే తిరగేసి కుట్టేసేది.

మోకాళ్లు నొప్పులు మొదలయ్యాక ఒకసారి ఆయనకు తోడుగా నేనూ వెళ్లాను. సముద్రం ఒడ్డున పెద్ద హోటలు. లోపల చలి. సముద్రం కనపడకుండా తెరలు దించేశారు. బల్లల మీద చేతి వేలంత నీళ్ల సీసాలు. మామ ఒకటి మూత తీసి రుచి చూసి, మళ్లీ మూత బిగించారు. తన వంతు వచ్చినప్పుడు లేచి, బావి సంగతి చెప్పి, తప్పు తనదే అని చెప్పి, ఓడ అడిగారు. అందరికీ జాలి వేసింది, ఆ మాట ఒప్పుకోవాలి. ఒక అధికారి వచ్చి చేతులు పట్టుకుని మీ ఆవేదన తీర్మానంలో ఉంటుంది సార్ అన్నాడు. సాయంత్రం తీర్మానం కాగితం ఇచ్చారు. రైలు స్టేషన్లో మామ, ఇంగ్లీషు తనకు రాక కాదు, దాన్ని నాకిచ్చి మన మాటలో చెప్పమన్నారు.

"'దీవుల్లో తాగునీటి విషయమై సభ్యదేశాలు తీవ్ర ఆందోళన తెలియజేస్తూ, కలసి పనిచేయాలన్న సంకల్పాన్ని మరోసారి చాటుతున్నాయి' అని ఉండాది మామా."

"ఓడ ఉండాదా దాంట్లో?"

"లేదు మామా."

"సరి. బండి వస్తాది, లేయి."

ఇలా చెప్తుంటే లోకంలో మంచివాళ్లే లేరనిపిస్తుంది. ఉన్నారు. ఆ దీవి మీద మామతో కలిసి పనిచేసిన పక్కదేశపు అధికారి ఒకాయన తర్వాత పై పదవికి వచ్చాడు. మామ మాట గుర్తుపెట్టుకుని ఒక ఎండాకాలం నిజంగానే ఓడ పంపాడు. ఆ ఏడు ఊరు బావి జోలికి పోలేదు. వానలు బాగా పడ్డాయి. నర్సు అమ్మాయి నీళ్లు పరీక్ష చేసి ఉప్పు తగ్గుతోందని ఫోను చేసింది. మామ ఆ సాయంత్రం మైసూర్‌పాకు కొనుక్కొచ్చి వీధి వీధంతా పంచారు. ఎవరికి ఏం పుట్టిందని జనం అడిగితే, "మా అక్కకు ఒళ్లు నయం అవుతా ఉండాది," అన్నారు. కుళాయి ధార కూడా ఆ వారం కాస్త లావైందని అత్త చెప్పింది.

మరుసటేడు ఆ ఏర్పాటులోని రెండు దేశాలకు సముద్రం మీద హద్దుల విషయంలో మాటా మాటా వచ్చింది. కలిసి చేసే పనులన్నీ తాత్కాలికంగా ఆపారు. ఓడ రేవులోనే ఉండిపోయింది. ఆ అధికారి తనే ఫోను చేసి, నా చేతుల్లో లేదు సార్, క్షమించండి, అన్నాడు. మామ అతన్ని ఒక్క మాటా అనలేదు. ఫోను పెట్టి దీవికి ఫోను చేశారు. నేను పక్కనే ఉన్నాను.

"అక్కా, తోడద్దు," అన్నారు. తక్కినదంతా ఇంగ్లీషులో, ఇంకొక్క వాన దాకా ఆగమని.

అవతల ఆమె అన్నదాన్ని మనవరాలు ఇంగ్లీషులో చెప్పింది. పిల్లలు ఏడుస్తున్నారు, తోడకుండా వాళ్లకు ఏం పోయమంటావని.

మామ ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే కూర్చున్నారు. అవతలివాళ్లూ పెట్టేయలేదు. చాలాసేపటికి ఆమే ఏదో అంది, పోనీలే తమ్ముడూ అన్నట్టుంది ఆ గొంతు, పెట్టేసింది. వాళ్లు తోడుకున్నారు. ఎవరు మాత్రం తోడుకోరు? ఈసారి ఎక్కిన ఉప్పు వానలకూ దిగలేదు. ఇక లాభం లేదని వాళ్ల ప్రభుత్వం ఊరు ఊరంతటినీ పెద్ద దీవికి తరలించింది. వరసగా రేకుల ఇళ్లు, వీధి చివర కుళాయి. సముద్రం ఏటా కొంత ఒడ్డు తింటున్నా కదలని జనం, నీళ్ల కోసం కదిలారు.

ఆ కబురు విన్నాక మామ నీళ్లు రుచి చూడడం మానేశారు. ఎవరేమిచ్చినా గడగడా తాగేసేవారు. అత్త కుళాయి పూర్తిగా తిప్పినా పలకలేదు. ఆమె ఇన్నేళ్లూ దాని మీద ఎంత సణిగిందో అంత హడలిపోయి నాకు ఫోను చేసింది. "మామకు ఏమో ఆయె అమ్మణీ. నీళ్లు బిందె నిండి పొర్లిపోతా ఉంటే చూసుకుంటా సుమ్మా ఉండారు. నువ్వు వచ్చి మాట్లాడు," అంది.

వెళ్లి మాట్లాడాను. నాకు తెలిసిన ఫిజిక్సంతా ఆయన ముందు పెట్టాను. సముద్రం పెరుగుతోంది మామా, మీరు తవ్వినా తవ్వకపోయినా ఇవాళ కాకపోతే రేపు ఆ దీవి మునిగేదే కదా, అన్నాను. ఓదార్పుగా ఇంతకంటే దరిద్రమైన మాట ఇంకొకటి ఉండదని నోరు జారాక తెలిసింది.

"సముద్రం రానీ అమ్మణీ. వచ్చినప్పుడు వస్తాది," అన్నారు. "వాళ్లను ఊరు విడిపించింది సముద్రం కాదు. నా మూడడుగులు."

నేను దీన్ని ఒప్పుకోను. ఓడ పంపనివాళ్లను, ఆ ఫొటోను ఏటా అచ్చు వేసినవాళ్లను, ఇంత దూరంలో ఇక్కడ హాయిగా పొగ వదిలి సముద్రాన్ని పెంచినవాళ్లను వదిలేసి, దాహంతో నిలబడిన మనిషిని చూసి ఆగలేకపోయిన ఒక్కడి మీద అంతా వేస్తే నాకు ఒళ్లు మండుతుంది. కాని ఆయన మూడడుగులు తవ్వలేదని కూడా నేను అనలేను. ఆయనే అననివ్వరు. ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం లేరు. డాక్టర్లు గుండె అన్నారు, సరే, గుండే.

కర్మ రోజున అంతా ఊళ్లో ఉన్నాం. భోజనాలయ్యాయి. మగవాళ్లు పందిట్లో తలో దిక్కున తుండు పరచుకుని పడుకున్నారు. మామ ఫోను నా దగ్గరుంది. మోగింది. దీవి నర్సు అమ్మాయి, వీడియోలో. వాళ్లకు కబురు చెప్పాలన్న ధ్యాసే మాకెవరికీ రాలేదు. ఆ అమ్మాయి నవ్వుతోంది. పెద్దల సమాధులు శుభ్రం చేయడానికి పడవ మీద పాత దీవికి వచ్చామని, నాయనమ్మ ఏదో చూపించాలంటోంది, ఆయన్ను పిలవండని అంది.

నేను ఫోను పట్టుకుని అత్త వైపు చూశాను. అత్త వచ్చి నా పక్కన కూర్చుంది. ఫోనులో కప్పుల్లేని ఇళ్లు కనపడ్డాయి, తర్వాత తుప్పుపట్టిన పంపు, దాని పక్కన బావి. గట్టు మీద పెద్దావిడ కూర్చుని ఉంది. నేను ఆమెను చూడడం అదే మొదటిసారి. చిన్న బకెట్టు తాడుతో వదిలి పైపైన కొంచెం నీళ్లు తోడింది. దోసిట్లో పోసుకుని తాగింది. మళ్లీ పోసుకుని తాగింది. బకెట్టు రెండు చేతులా ఎత్తి ఫోనుకు చూపిస్తూ ఇంగ్లీషులో ఒక్క మాట అంది, తియ్యగా ఉన్నాయని.

"మేం వెళ్లిపోయాక రెండు వానాకాలాలు ఎవరూ తోడలేదు," అంది మనవరాలు. "ఆయన చెప్పినట్టే అయింది. ఉప్పు లేదు. ఆయనతో చెప్పాలని నాయనమ్మ దారి పొడుగునా అంటూనే ఉంది."

"ఏమంటా ఉండాది ఆమె?" అని అత్త అడిగింది. చెప్పాను.

అత్త కాసేపు ఆ బావినే చూసింది. "ఇప్పుడు ఆడ తాగేదానికి ఎవరు ఉండారు?"

"ఎవరూ లేరత్తా."

"చెప్పేయి అమ్మణీ. మామ లేరని చెప్పేయి. పావం, ఎంతసేపు పట్టుకొని ఉంటాది."

చెప్పాను. ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. ఫోను కిందికి వాల్చి నాయనమ్మతో వాళ్ల భాషలో చెప్పింది. కాసేపు ఇసుక మాత్రమే కనపడింది. దూరంగా ఎవరో కేకేస్తున్నారు, పోటు తగ్గకముందే పడవెక్కాలట. మళ్లీ ఫోను పైకి లేచేసరికి పెద్దావిడ బావి మీదికి వంగి ఉంది. బకెట్టులో మిగిలిన నీళ్లను, చప్పుడు కాకుండా, కొంచెం కొంచెంగా, మళ్లీ ఆ బావిలోకే ఒంపుతోంది.